మతిమరుపు పెద్దల్ని ట్రయల్‌లో చేర్చాలా? బరంపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్ల కోసం ఒక పోలిక

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశాలోని ఈ ఊళ్లలో చాలా తెలుగు ఇళ్ల పరిస్థితి ఒకటే. పిల్లలు విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, పెద్దవాళ్లు ఇక్కడ ఉంటారు. వాళ్లలో ఒకరికి వచ్చింది మామూలు మతిమరుపు కాదు, జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దెబ్బతినే డిమెన్షియా అని డాక్టరు చెప్పగానే ఫోన్లు మొదలవుతాయి. కొత్త మందు ట్రయల్ జరుగుతోందట, నాన్నను తీసుకురమ్మని ఒకరు. ఆస్పత్రి వాళ్లు ఏదో స్టడీ అంటూ ఇంటికి వచ్చి ప్రశ్నలు అడుగుతారట, ఒప్పుకోవాలా అని ఇంకొకరు. ఈ వయసులో ప్రయోగాలేమిటి, ప్రశాంతంగా చూసుకుందాం అని మూడో వాళ్లు. దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన లాసీ-డాడ్ అధ్యయనం అంచనా వేసింది. కాబట్టి ఈ ఫోన్లు ఇంకా పెరుగుతాయి.

ముగ్గురూ మాట్లాడేది మూడు వేర్వేరు విషయాల గురించి. మొదటిది మందు పనిచేస్తుందా అని చూసే ట్రయల్. రెండోది సంరక్షణ పద్ధతి మామూలు ఆస్పత్రుల్లో, మామూలు ఇళ్లలో పనికొస్తుందా అని చూసే ట్రయల్. దీన్ని ప్రాగ్మాటిక్ ట్రయల్ అంటారు. మూడోది ఏ ట్రయలూ లేకుండా, ఇప్పటికే తేలిన సంగతులను పట్టుకుని ఇంట్లో చూసుకోవడం. ఏది ఎంచుకోవాలన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: జబ్బు ఏ దశలో ఉంది, ఆ పెద్దాయన వెనక రోజంతా తిరుగుతున్నది ఎవరు. రెండో దాన్ని చాలా ఇళ్లలో లెక్కలోకే తీసుకోరు. నా సలహా అంతా దాని చుట్టూనే ఉంటుంది.

రెండు ట్రయల్స్‌కీ తేడా ఎక్కడ

ఈ తేడాను 1967లోనే ష్వార్జ్, లెలూష్ అనే ఇద్దరు ఫ్రెంచ్ గణాంక నిపుణులు స్పష్టంగా రాశారు. మందుకు అసలు గుణం ఉందా అని తేల్చేది ఒక రకం. రెండు పద్ధతుల్లో దేన్ని వాడాలో డాక్టరుకూ రోగికీ చెప్పగలిగేది ఇంకో రకం. కొత్త వరి వంగడాన్ని పరిశోధనా కేంద్రం మడిలో నీళ్లు, ఎరువు కొలిచిపోసి పండించడం మొదటిదైతే, గంజాం రైతు వర్షాధార చేలో వేసి చూడటం రెండోది.

మందు ట్రయల్‌లో మనుషుల్ని వడపోస్తారు. షుగరు అదుపులో లేకపోయినా, కిడ్నీ బాగాలేకపోయినా, రక్తం పలచబడే మందు వాడుతున్నా, వెనక్కి పంపేస్తారు. మన ఇళ్లలో 75 దాటి మతిమరుపు ఉన్నవాళ్లలో ఈ మూడూ లేనివాళ్లు ఎందరు? ప్రాగ్మాటిక్ ట్రయల్ అయితే బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు అన్నీ ఉన్నవాళ్లనే తీసుకుంటుంది. రోజూ చూసే డాక్టరే చూస్తారు. పాత మందులు చాలావరకు అలాగే నడుస్తాయి. అదనంగా కలిసేది శిక్షణ పొందిన ఒక మనిషి ఇంటికి రావడమో, ఫోనులో సలహా ఇవ్వడమో, నొప్పిని కొలిచే ఒక పద్ధతో. ఆసరా పొందినవాళ్లనూ పొందనివాళ్లనూ పోలుస్తారు. ఎవరు ఏ గుంపులో పడతారన్నది చీటీ తీసినట్టే జరుగుతుంది. ఒక్కోసారి ఇంటికో చీటీ కాకుండా మొత్తం ఆస్పత్రికో, మొత్తం పంచాయతీకో ఒకే చీటీ పడుతుంది. అప్పుడు మీ ఊరంతా ఒకే గుంపులో ఉంటుంది. పక్క ఊరి వియ్యంకుడి ఇంటికి వస్తున్న మనిషి మన ఇంటికి ఎందుకు రావడం లేదని గొడవపడి లాభం లేదు.

కొత్త మందు ట్రయల్: ఎవరికి సరిపోతుంది

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే మన వైపు చాలామందికి ఇది అందదు. ఉదాహరణకు డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ జబ్బుకు వచ్చిన లెకానెమాబ్ అనే మందు మీద జరిగిన ట్రయల్‌ను చూడండి. 1,795 మందిని 18 నెలలు చూశారు. అందరూ జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లే. రెండు వారాలకోసారి సెలైన్ పెట్టినట్టు నరంలోకి ఎక్కించారు. మధ్యమధ్యలో ఎంఆర్‌ఐలు. చివరికి జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలమానం మీద మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా 0.45 పాయింటు. మెదడులో వాపు కనిపించింది మందు తీసుకున్నవాళ్లలో 12.6 శాతం మందికి, ఉత్తుత్తి మందు (పోలిక కోసం ఇచ్చే, అసలు మందు లేనిది) తీసుకున్నవాళ్లలో 1.7 శాతం మందికి. గణాంకాల లెక్కన అది విజయమే. కానీ బరంపురం నుంచి విశాఖ సుమారు 280 కిలోమీటర్లు. రెండు వారాలకోసారి, ఏడాదిన్నర పాటు, కొత్త చోటుకు వెళ్తే కంగారుపడే మనిషిని రైలెక్కించడం ఎలా ఉంటుందో ఆ అంకెలో కనిపించదు.

జబ్బు తొలిదశలోనే పట్టుబడి, ఆ మనిషే విషయం అర్థం చేసుకుని సరేనంటే, పెద్ద నగరంలో పిల్లల ఇంట్లో ఉండే వీలుంటే, అప్పుడు ఆలోచించండి. సగం మందికి ఉత్తుత్తి మందే అందవచ్చని, నాకు ఏమీ దక్కకపోయినా రేపటివాళ్లకు పనికొస్తుందని అనుకోగలిగితేనే చేరాలి. పక్క మీది నుంచి లేవలేని దశలో కొత్త మందు ట్రయల్ కోసం తిరగడం నా దృష్టిలో తప్పు. మంచి ట్రయల్ అయితే ఆ దశలో ఎలాగూ తీసుకోరు. తీసుకుంటామని డబ్బు అడిగితే అది ట్రయల్ కాదు, ఇంకేదో.

సంరక్షణ ట్రయల్: నా మొగ్గు ఇటే, కానీ కళ్లు మూసుకుని కాదు

మనకు దగ్గరగా ఉన్న ఉదాహరణ గోవాది. అక్కడ డిమెన్షియా ఉన్న 81 కుటుంబాలతో ఒక ట్రయల్ చేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద యంత్రాలేవీ లేవు. స్థానిక భాష తెలిసిన మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. జబ్బు ఏమిటో వివరించడం, స్నానానికి మొరాయిస్తే ఏం చేయాలో చెప్పడం, మిగతా కుటుంబాన్ని పనిలోకి లాగడం, అవసరమైతే డాక్టరుకు చూపించడం, ఇదే వాళ్ల పని. వెనక ఒక సైకియాట్రిస్టు పర్యవేక్షణ ఉండేది. ఆరు నెలల్లో చూసుకునేవాళ్ల మానసిక ఆరోగ్యం మెరుగైంది, బాధ తగ్గింది. రోగి ప్రవర్తనలో మాత్రం గట్టిగా చెప్పగలిగే మార్పు రాలేదు.

ఈ చివరి మాట విని చాలామంది పెదవి విరుస్తారు. నాన్నకు తగ్గనప్పుడు ఎందుకంటారు. నేను ఒప్పుకోను. బరంపురంలో మగ్గం మీద బతికిన ఒక తాతగారు అర్ధరాత్రి లేచి దుప్పటి పోగులు లాగుతూ, నూలు తెగింది అని కేకలు వేస్తుంటే, ఆయన పక్కన మేలుకుని ఉండేది కోడలు. ఆవిడ నిద్ర, ఆవిడ నడుము, ఆవిడ టెన్షన్ కూడా ఈ జబ్బులో భాగమే. ఆవిడ పడిపోతే ఆయనకు దిక్కెవరు? లండన్‌లోనూ ఇలాంటి పని చేశారు. స్టార్ట్ అనే ఆ ట్రయల్‌లో, చూసుకునే 260 మందిలో కొందరికి ఎనిమిది విడతల్లో ఓపిక పట్టే పద్ధతులు, సహాయం అడిగే పద్ధతులు నేర్పారు. నేర్పింది పెద్ద డాక్టర్లు కాదు, సైకాలజీ చదివిన యువతీయువకులు. చూసుకునేవాళ్లలో డిప్రెషన్ తగ్గింది.

నార్వే నర్సింగ్ హోముల్లో 352 మందితో జరిగిన ఇంకో ట్రయల్ 2011లో వచ్చింది. మన ఇళ్లకు ఇది నేరుగా పనికొస్తుందని నా అభిప్రాయం. చిరాకు, కేకలు, కొట్టడం ఉన్న డిమెన్షియా రోగులకు ఎనిమిది వారాలు క్రమపద్ధతిలో నొప్పి మందులు ఇచ్చి చూశారు. మొదటి మెట్టు పారాసెటమాలే, రోజుకు మూడు గ్రాములు మించకుండా. కేకలూ చిరాకూ తగ్గాయి. అంటే ఆ కేకల్లో కొంత మోకాలి నొప్పి, పంటి నొప్పి, మలబద్ధకం. నోరు తెరిచి చెప్పలేని మనిషి కొట్టి చెబుతున్నాడు. కాబట్టి నిద్రమాత్ర అడిగే ముందు, ఎక్కడైనా నొప్పి ఉందేమో చూడండని డాక్టరును అడగండి. లివరు, ఇతర మందులు చూసి డోసు ఆయనే చెబుతారు.

అన్నీ ఇలా గెలవవు. అమెరికాలో ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధనా సంస్థ 2019లో డిమెన్షియా ప్రాగ్మాటిక్ ట్రయల్స్ కోసమే ఇంపాక్ట్ కొలాబరేటరీ అనే వేదికకు డబ్బు ఇచ్చింది. అంతకుముందు నుంచే అక్కడ ప్రూవెన్ అనే పెద్ద ట్రయల్ 360 నర్సింగ్ హోముల్లో నడిచింది. చివరి రోజుల్లో ఎలాంటి వైద్యం కావాలో ముందే ఆలోచించుకోవడానికి కుటుంబాలకు వీడియోలు చూపించాలన్నది దాని ఉద్దేశం. ఆస్పత్రికి తరలించడాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. చాలామందికి అసలు వీడియో చూపించనేలేదు, సిబ్బందికి తీరిక దొరకలేదు. ఆశా కార్యకర్త చేతిలో ఇప్పటికే ఎన్ని రిజిస్టర్లు ఉంటాయో తెలిసిన మనకు ఇందులో ఆశ్చర్యం ఏముంది? అలాగే 2025లో వచ్చిన డీ-కేర్ ట్రయల్‌లో 2,176 మంది రోగుల్ని, వాళ్లను చూసుకునేవాళ్లతో కలిపి మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆస్పత్రి నుంచి ఆసరా, ఒక గుంపుకు సామాజిక సంస్థ నుంచి ఆసరా, ఇంకో గుంపుకు మామూలు వైద్యం. 18 నెలల తర్వాత రోగి ప్రవర్తనలో గానీ, చూసుకునేవాళ్ల భారంలో గానీ పెద్ద తేడా లేదు. నేను చూసుకోగలను అనే ధైర్యం మాత్రం ఆసరా ఉన్నవాళ్లలో పెరిగింది.

గోవాలో, లండన్‌లో పనిచేసింది అమెరికాలో ఎందుకు అంతగా కనిపించలేదన్నది వాదించుకోదగ్గ విషయమే. నాకు తోచింది ఇది: ఏ ఆసరా లేని చోట కొంచెం ఆసరా కూడా ఎక్కువగా కనిపిస్తుంది. రాయగడ, మల్కన్‌గిరి లోపలి ఊళ్లు ఆ ఆసరా లేని కోవలోవే. అందుకే ఇక్కడ ఎవరైనా సంరక్షణ ట్రయల్‌కు పిలిస్తే, వచ్చే మనిషి నిజంగా ఇంటికి వస్తారా, నెలకు ఎన్నిసార్లు, స్టడీ అయిపోయాక ఎవరు వస్తారు అని అడిగి, జవాబు బాగుంటే చేరండి. ప్రశ్నాపత్రం నింపుకుని వెళ్లిపోవడమే ఉంటే చేరినా నష్టం లేదు, కానీ లాభం ఆశించకండి.

సమ్మతి పత్రం, భాష

సరిహద్దు ఊళ్లలో మనకు ఉన్న ప్రత్యేక ఇబ్బంది ఇది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పటి పిల్లలు ఒడియా చకచకా చదువుతారు. నాయనమ్మకు ఒడియా మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. డిమెన్షియా ముదిరేకొద్దీ తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. అలాంటి మనిషికి జ్ఞాపకశక్తి పరీక్ష ఒడియాలో పెడితే, జబ్బు ఉన్నదానికంటే ముదిరినట్టు తేలవచ్చు. పరీక్ష తెలుగులో పెట్టమని గట్టిగా అడగండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తయారుచేయించిన జ్ఞాపకశక్తి పరీక్షల సంపుటి మొదట వచ్చిన ఐదు భాషల్లో తెలుగు ఉంది, కాబట్టి అది అడగకూడని కోరికేం కాదు. (మాట వచ్చింది కాబట్టి: హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో రాసింది. మన సరిహద్దు వాళ్లకు ఇది కాస్త గర్వంగా ఉండొచ్చు.)

సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. రోగి తనంతట తాను నిర్ణయించుకోలేని స్థితిలో ఉంటే చట్టబద్ధ ప్రతినిధి సంతకం చేయాలి. మందు ట్రయల్స్‌కు 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వర్తిస్తాయి. పూర్తిగా కొత్త రసాయనం మీద, నిస్సహాయ స్థితిలో ఉన్నవాళ్లతో ట్రయల్ చేస్తే సమ్మతి తీసుకునేటప్పుడు ఆడియో-వీడియో రికార్డింగ్ కూడా చేయాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాలి. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్స్ వివరాలు నమోదుచేయడానికి ఐసీఎంఆర్ నడిపే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ట్రయల్ నమోదై ఉండాలి. మందు ట్రయల్స్‌కు ఇది 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. నమోదు సంఖ్య అడిగితే నీళ్లు నమిలేవాళ్లతో మాట్లాడటం అక్కడితో ఆపేయండి.

ఇందులో చట్టం చెప్పని మాట ఒకటి నేను కలుపుతాను. సంతకం పెద్ద కొడుకుది కావచ్చు. కానీ మందు వేళకు వేసేది, డైరీ రాసేది, ఫోను ఎత్తేది కోడలో కూతురో అయితే, ఆవిడ సరేనన్నాకే సంతకం పెట్టాలి. హైదరాబాద్ నుంచి వీడియో కాల్‌లో సరేననడం చాలా సులువు.

ఏ ట్రయలూ లేకుండా

మన వైపు ఎక్కువమంది దారి ఇదే, ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఎక్కడో ఎవరో ట్రయల్స్‌లో చేరబట్టే ఈ దారిలో కొన్ని సంగతులు తేలిపోయాయి. వాటిని ఊరికే వాడుకోవచ్చు.

మింగలేని దశ వచ్చినప్పుడు పెద్ద ప్రశ్న ముక్కులో పైపు. డిమెన్షియా చివరి దశలో పైపు వేస్తే ఎక్కువకాలం బతుకుతారని, న్యుమోనియా రాదని, పడక పుండ్లు తగ్గుతాయని చూపే నమ్మదగిన ఆధారం లేదు. అమెరికా వృద్ధాప్య వైద్యుల సంఘం పైపు వద్దని, ఓపికగా చేత్తో తినిపించమని చెబుతుంది. మెత్తటి గంజన్నం, పలచటి రాగి జావ, కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగాకే ఇంకో చెంచా. తినకపోతే బలవంతం వద్దు. పక్షవాతం వచ్చి కొన్ని వారాల్లో కోలుకునే అవకాశం ఉన్నవాళ్ల సంగతి వేరు, అక్కడ పైపు ప్రాణం నిలపొచ్చు. ఇద్దరినీ ఒకే గాటన కట్టొద్దు. పైపు లేకుండా ఇంటికి తెస్తే చుట్టాలు ఏమంటారో అన్న భయంతో వేయించే పైపులు చాలా ఉన్నాయి.

మందుల విషయం. డిమెన్షియాకు ఇచ్చే డోనెపెజిల్ అనే మందు వాడుతున్న మనిషికి జబ్బు ముదిరిందని చెప్పాపెట్టకుండా ఆపేయకండి. బ్రిటన్‌లో 295 మందితో చేసిన డొమినో ట్రయల్‌లో, ముదిరిన దశలోనూ కొనసాగించినవాళ్లకు కొంత మేలు కనిపించింది. గుండె కొట్టుకోవడం మరీ నెమ్మదించడం, తిండి సహించకపోవడం లాంటివి ఉంటే డాక్టరే ఆపుతారు. అదే బ్రిటన్‌లో, డిమెన్షియాతో వచ్చే దిగులుకు సెర్ట్రలిన్, మిర్టాజపిన్ ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేయలేదని 2011లో తేలింది. చిరాకుకు మిర్టాజపిన్ పనిచేయదని 2021లో తేలింది. డాక్టరు రాసిన చీటీలో మందులు పెరుగుతూ పోతుంటే, ఇది దేనికి, ఎప్పటిదాకా అని ఒక్కో మందు మీద వేలు పెట్టి అడగండి.

నొప్పి, బాధ తగ్గించడానికి చేసే ఉపశమన చికిత్స అంటే ఇక చేతులెత్తేయడం అని మన వాళ్లు అనుకుంటారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందితో బోస్టన్‌లో చేసిన ట్రయల్‌లో, మొదటి నుంచే ఉపశమన చికిత్స కలిపి అందుకున్నవాళ్లు మధ్యస్థంగా 11.6 నెలలు, అందుకోనివాళ్లు 8.9 నెలలు బతికారు. క్యాన్సర్ ఫలితాన్ని డిమెన్షియాకు అంటగట్టలేం, కానీ ఆ అపోహకు అది జవాబే. నొప్పి తీవ్రంగా ఉంటే మార్ఫిన్ అడగడానికి జంకొద్దు. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక, గుర్తింపు పొందిన ఆస్పత్రులు దాన్ని ఉంచుకోవడం సులువైంది.

ఇక ఎక్కడ చూపించాలి అన్నది. జబ్బు నిర్ధారణకు ఒకసారి న్యూరాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవాలి. థైరాయిడ్, బీ12 లోపం, తలలో రక్తం గడ్డ లాంటి బాగుచేయగలిగే కారణాలు ఉన్నాయేమో చూడాలి. గంజాం, గజపతి వాళ్లకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ దగ్గర. రాయగడ వాళ్లకు రైలు విశాఖ వైపే సులువు, అక్కడి ప్రభుత్వ ఆస్పత్రి కేజీహెచ్‌లో తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. భువనేశ్వర్ ఎయిమ్స్‌కు వెళ్లాలంటే బరంపురం నుంచి సుమారు 170 కిలోమీటర్లు. నిర్ధారణ అయ్యాక ప్రతి నెలా పెద్ద ఆస్పత్రికి పరుగెత్తడం అనవసరం, ఊళ్లోని డాక్టరు చాలు. 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏటా 5 లక్షల దాకా వైద్యం ఉంది. కానీ అది ఆస్పత్రిలో చేరినప్పటికే, ఓపీ ఫీజుకూ నెలవారీ మందులకూ రాదు. డిమెన్షియా ఖర్చులో ఎక్కువ భాగం కార్డు చెల్లని ఈ ఖర్చులే, డైపర్లు, ఆయా జీతం దానికి అదనం. పక్క రాష్ట్రంలో చేర్చే ముందు ఆ ఆస్పత్రి ఆయుష్మాన్ కౌంటర్‌లో కార్డు చెల్లుతుందో లేదో అడిగి వెళ్లండి.

ఏ దారి ఎంచుకున్నా తొలిదశలోనే చేయాల్సిన పని ఒకటుంది. చివర్లో వెంటిలేటర్ కావాలా వద్దా లాంటి విషయాల్లో తన ఇష్టాన్ని రాసిపెట్టే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులువు చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ఉంటే చాలు. కానీ రాసే మనిషికి ఆ సమయానికి మతి స్థిమితంగా ఉండాలి. ట్రయల్‌లో చేరడం ఇష్టమేనా, పైపు వేయించుకోవడం ఇష్టమేనా అన్నదీ ఆ కూర్చునే వేళే అడిగి రాసుకోండి. తర్వాత అన్నదమ్ముల మధ్య తగువుండదు.

చూసుకునేవాళ్లకు రాత్రిపూట మరీ కష్టమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. పెద్దలకు సంబంధించిన ఇతర సహాయానికి ఎల్డర్‌లైన్ 14567.